సేవను కొలువుగా మలచిన దుర్గాబాయి

ఢిల్లీ మెట్రో గులాబీ మార్గంలో ధౌలా కువా సమీపాన ఒక స్టేషనున్నది. 2018 మార్చిలో ఆ మార్గం తొలి భాగం ప్రారంభమైన నాటి నుండి దానికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు ఉన్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణానికి వెళ్లే విద్యార్థినీ విద్యార్థులు నిత్యం అక్కడ దిగుతారు. వారిలో ఎందరికి ఆమె ఎవరో తెలుసునన్నది వేరే మాట. తెలుగు పాఠకులకైతే ఆమెను పరిచయం చేయనక్కరలేదు. స్వాతంత్ర్య సమరంలో జైలుకు వెళ్లిన వీరవనిత, రాజ్యాంగ నిర్మాణ సభ సభ్యురాలు, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలు అని మనమంతా చదువుకున్నవారమే. అంతగా చదువుకోని సంగతి మరొకటి ఉన్నది. సంఘ సేవ కలవారి ఇండ్లలో తీరిక దొరికినప్పుడు చేసే పుణ్యకార్యం మాత్రమే కాదని, శిక్షణ, వేతనం, బాధ్యత గల ఒక వృత్తి అని ప్రభుత్వం చేత ఒప్పించి, దానికొక యంత్రాంగాన్ని నిర్మించినవారిలో ఆమె అగ్రగణ్యురాలు.

ఈ సంగతి ఇప్పుడు గుర్తు చేసుకోవడానికి కారణం లేకపోలేదు. 1953లో ఆమె అధ్యక్షురాలిగా ఏర్పడిన కేంద్ర సంఘ సంక్షేమ మండలిని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2022లో నిర్ణయించింది. దాదాపు ఏడు దశాబ్దాలు నడిచిన సంస్థ అది. దాని అవసానం గురించి పార్లమెంటులో గాని పత్రికలలో గాని పెద్ద చర్చ జరగలేదు. ఆ మండలి నాటిన విత్తనాల నుండి ఎదిగిన వృత్తులలో ఉన్న స్త్రీల వేతనం మాటేమిటన్న ప్రశ్న మాత్రం ఉభయ సభలలోనూ మళ్లీ మళ్లీ వినవస్తూనే ఉన్నది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఎనిమిదవ యేట మేనరికపు పెండ్లి జరిగిపోయింది. పదిహేనేండ్లు వచ్చేసరికి ఆ బంధంలో తాను ఇమడలేనని గ్రహించి, ఆ మాట భర్తతో నిర్మొహమాటంగా చెప్పి విడిపోయారు. తండ్రి, సోదరుడు ఆమెకు అండగా నిలిచారు. ఆ కాలపు కోస్తా ఆంధ్ర బ్రాహ్మణ కుటుంబంలో ఇది ఎంత సాహసమో వేరుగా చెప్పనక్కరలేదు. ఈ కథకు ఒక ముగింపు కూడా ఉన్నది. ఆ భర్త తరువాత మరొక వివాహం చేసుకొని 1941లో మరణించగా, దిక్కులేక మిగిలిన ఆ రెండవ భార్యను దుర్గాబాయి చేరదీశారు. ఆంధ్ర మహిళా సభలో చేతిపనులు నేర్పించి, ఉద్యోగం చూపించి, తన కాళ్లపై తాను నిలబడేటట్లు చేశారు. జాలి చూపి నాలుగు రోజులు అన్నం పెట్టడంతో ఆమె తృప్తి పడలేదు. ఆమె ఆలోచన సాగిన దారి ఈ ఒక్క ఉదంతంలోనే కనిపిస్తుంది.

1921లో గాంధీ కాకినాడకు వచ్చినప్పుడు దుర్గాబాయికి పన్నెండేండ్లు నిండలేదు. దేవదాసీలు, ఘోషా పాటించే ముస్లిం స్త్రీలు గాంధీని కలుసుకోవాలని ఆమె పట్టుపట్టారు. ఐదు వేల రూపాయల విరాళం పోగుచేసి తెస్తే కొద్ది నిమిషాలు కేటాయిస్తామన్నారు స్థానిక నిర్వాహకులు. ఆ పిల్ల దేవదాసీల సాయంతోనే ఆ సొమ్ము కూడబెట్టింది. కొద్ది నిమిషాలనుకున్న సమావేశం అంతకంటె ఎంతో సేపు సాగింది. స్త్రీలు తమ నగలు ఒలిచి ఇచ్చారు. గాంధీ హిందీ ప్రసంగాన్ని తెలుగులో వినిపించే బాధ్యత కూడా ఆ బాలికపైనే పడింది. అంతకు ముందే ఆమె హిందీ నేర్చుకొని, ఇంటిలోనే బాలికలకు, స్త్రీలకు హిందీ పాఠశాల నడపసాగారు. కన్నతల్లి కూడా ఆ పాఠశాలలో విద్యార్థినియే.

1923 కాకినాడ కాంగ్రెసు మహాసభలో జరిగిన ముచ్చట పలువురు ఎరిగినదే. ఖద్దరు ప్రదర్శన ద్వారం వద్ద స్వచ్ఛంద సేవకురాలిగా నిలబడిన దుర్గాబాయి, టిక్కెట్టు లేని జవహర్‌లాల్ నెహ్రూను లోనికి పోనివ్వలేదు. నిర్వాహకులు పరుగున వచ్చి టిక్కెట్టు కొనిచ్చిన తరువాతనే దారి విడిచారు. దీనిని సరదా కథగా చెప్పుకొని నవ్వుకోవడం మనకు అలవాటు. అయితే ఇందులో ఒక పాలనాసూత్రం ఇమిడి ఉన్నది. స్వచ్ఛందంగా చేసే పని అయినంత మాత్రాన నియమం సడలరాదు. అప్పగించిన పనిని, చూసేవారు ఎవరైనా సరే, పూర్తిగా చేయాలి. ముప్పయి యేండ్ల తరువాత దేశంలోని స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటులు పంచే బాధ్యత చేపట్టినప్పుడు ఆమె వెంట ఉన్నది ఈ సూత్రమే.

1930లో మద్రాసులో ప్రకాశం పంతులు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు నాయకత్వం వహించిన ఉప్పు సత్యాగ్రహంలో ఆమె దుమికారు. 1930-33 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్లారు. వెల్లూరు జైలులో సామాన్య నేరస్థురాండ్ర మధ్య గడిపారు. మదురై జైలులో ఏకాంత నిర్బంధం అనుభవించారు. ఆ నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. అంతకంటె ఆమెను కలవరపరచినవి తోటి ఖైదీల కథలు. చేసిన నేరమేదో, వేసిన వేలిముద్ర దేనికో తెలియక హత్యానేరం నెత్తిన వేసుకొని శిక్ష అనుభవిస్తున్న నిరక్షరాస్యులను ఆమె అక్కడ చూశారు. చదువుకోవాలి, అందులోనూ న్యాయశాస్త్రం చదవాలి అన్న సంకల్పం అక్కడ పుట్టింది.

ఆ చదువు సులభంగా సాగలేదు. ఆంగ్ల మాధ్యమానికి నిరసనగా చిన్ననాడే బడి మానిన ఆమె, ఇరవై యేండ్లు దాటిన పిమ్మట తిరిగి పుస్తకం పట్టి కాశీ హిందూ విశ్వవిద్యాలయం నుండి మెట్రిక్యులేషన్ పూర్తి చేశారు. ఇంటర్ కూడా అక్కడే చదివారు. తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం. స్త్రీలకు హాస్టలు లేదు గనుక చేర్చుకోలేమని ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డి చెప్పగా, ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చి, తనవలెనే చదువుకోదలచిన యువతులను కూర్చుకొని, తామే ఒక వసతిగృహం నెలకొల్పుకున్నారు. 1939లో రాజనీతిశాస్త్రంలో పట్టం పుచ్చుకున్నారు. లండన్‌లో చదవడానికి లభించిన టాటా స్కాలర్‌షిప్పు యుద్ధం కారణంగా వినియోగపడలేదు. మద్రాసు న్యాయకళాశాలలో చదివి 1942లో న్యాయవాదిగా తేలారు.

ఈలోగా 1937లో మద్రాసు మైలాపూరులో చిన్నపిల్లల బృందంగా మొదలైన చిరు ప్రయత్నం ఆంధ్ర మహిళా సభగా రూపొందింది. దాని తొలి పనులలో ముఖ్యమైనది, మధ్యలో చదువు ఆగిపోయిన స్త్రీలకు, వితంతువులకు, భర్త విడిచినవారికి పాఠాలు చెప్పి కాశీ మెట్రిక్యులేషన్ పరీక్షకు పంపడం. తాను నడిచిన దారినే వారికీ వేశారు. పరీక్ష తప్పనివారికి ఉపాధ్యాయ శిక్షణ, నర్సు శిక్షణ లభించేవి. చదువు రానివారికి కుట్టుపని, నేతపని నేర్పేవారు. క్రమంగా సభ ఆసుపత్రులు, పాఠశాలలు, వృత్తి శిక్షణ కేంద్రాలు నడిపే పెద్ద సంస్థగా మద్రాసులోను, తరువాత హైదరాబాదులోను విస్తరించింది. ఆశ్రయం పొందవచ్చిన స్త్రీ కొంతకాలానికి అదే సంస్థలో ఉపాధ్యాయినిగానో, నర్సుగానో, వార్డెనుగానో జీతం తీసుకునేది. దానం పుచ్చుకునే చేయి పనిచేసే చేయిగా మారడమే ఆ సంస్థ రహస్యం.

1946లో దుర్గాబాయి మద్రాసు రాష్ట్రం నుండి రాజ్యాంగ నిర్మాణ సభకు ఎన్నికయ్యారు. సభాకార్యక్రమాలను నిర్వహించే అధ్యక్షుల జాబితాలో ఆమె ఒక్కరే మహిళ. సవరణలు ప్రతిపాదించడంలో ఆమెకు విసుగులేదు. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సు 35 గాక 30 యేండ్లు చాలునన్న సవరణ ఆమెదే. హిందూ కోడ్ బిల్లు ద్వారా స్త్రీలకు ఆస్తి హక్కు లభించాలని వాదించారు. హిందీ ప్రచారానికి బాల్యం నుండి పాటుపడినప్పటికీ, దక్షిణాది భయాలను లెక్కచేయని అత్యుత్సాహం ఆ భాషకే చేటు తెస్తుందని 1949లో భాషా చర్చ సందర్భంగా సభను హెచ్చరించారు.

1952 సార్వత్రిక ఎన్నికలలో ఆమె ఓడిపోయారు. మరొకరైతే రాజకీయ జీవితం అక్కడితో అంతమైనదని భావించేవారు. నెహ్రూ ఆమెను ప్రణాళికా సంఘ సభ్యురాలిగా నియమించారు. కాకినాడ ద్వారం వద్ద తనను నిలిపివేసిన బాలిక ఆయనకు గుర్తున్నదో లేదో గాని, పని పట్ల ఆమె పట్టుదల ఆయనకు బాగా తెలుసు. సాంఘిక సేవల విభాగం ఆమె చేతికి వచ్చింది. 1953 జనవరి 22న నాటి ఆర్థిక మంత్రి, రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నరు అయిన చింతామణ్ ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను ఆమె వివాహమాడారు. నెహ్రూ ఆ నిరాడంబర వివాహానికి సాక్షి సంతకం చేశారు.

ప్రణాళికా సంఘంలో ఆమెకు కనిపించిన దృశ్యం ఇది. అనాథ శరణాలయాలు, వితంతు గృహాలు, అంధుల పాఠశాలలు, శిశు సంరక్షణ కేంద్రాలు దేశంలో అనేకం ఉన్నాయి. ప్రభుత్వానికంటె ముందే అవి పనిచేస్తున్నాయి. కాని వాటికి నిలకడైన ఆదాయం లేదు. జమీందారులు, సంస్థానాధీశులు ఇచ్చే విరాళాలు జమీందారీలతో పాటే తరిగిపోతున్నాయి. పనిచేసేవారిలో శిక్షణ పొందినవారు అరుదు. ఉన్నవారికి జీతం నామమాత్రం. మరొక వైపు, సంక్షేమమంతా ప్రభుత్వ శాఖ చేతిలో పెడితే ఆఫీసులు పెరుగుతాయి గాని స్థానికుల చొరవ చచ్చిపోతుందని ఆమె భయం. ఈ రెండింటి నడుమ దారి వెతికి, మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థల సహాయానికి 4 కోట్ల రూపాయలు కేటాయింపజేశారు. ఆ ధనాన్ని పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సంఘ సంక్షేమ మండలి ఏర్పడింది. అందులో వివిధ మంత్రిత్వ శాఖల ప్రతినిధులు ఉన్నప్పటికీ, అనధికారులైన సంఘ సేవకులకే ప్రాధాన్యం. రాష్ట్రాలలోనూ సలహా మండళ్లు వెలిశాయి. వాటి బాధ్యత కూడా స్త్రీలకే అప్పగించారు.

అయితే గ్రాంటులు పట్టణ సంస్థలకే చేరుతున్నాయని, గ్రామాలలో అసలు సంస్థలే లేవని ఆమె త్వరలోనే గ్రహించారు. 1954 ఆగస్టులో గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకాలు ప్రారంభమయ్యాయి. ఒక్కొక్క పథకం కింద సుమారు 25 గ్రామాలు, 20 వేల జనాభా. అందులో ఐదు కేంద్రాలు. ఒక్కొక్క కేంద్రంలో పిల్లలకు బాలవాడి, గర్భిణులకు మంత్రసాని సాయం, స్త్రీలకు అక్షరాస్యత, చేతిపనులు. వీటిని నడపడానికి గ్రామసేవికలు, మంత్రసానులు, చేతిపనుల ఉపాధ్యాయినులు కావలసి వచ్చారు. కస్తూర్బా స్మారక ట్రస్టు వంటి సంస్థలు వారికి శిక్షణ ఇచ్చాయి. మన దేశపు గ్రామాలలో చదువుకున్న స్త్రీ ఇల్లు విడిచి వచ్చి, గ్రామంలో కాపురముండి, నెలజీతంపై సంఘం కోసం పనిచేయడం పెద్ద ఎత్తున మొదలైనది అప్పుడే.

వెనువెంటనే కొత్త చిక్కు ఎదురైంది. ఉద్యోగాలున్నాయి, అర్హులైన స్త్రీలు లేరు. గ్రామసేవికకు, నర్సుకు, ఉపాధ్యాయినికి మిడిల్ స్కూలో మెట్రిక్యులేషనో ఉండాలి. గ్రామాలలో ఆ చదువున్న ఆడపిల్లలు వేళ్లపై లెక్కించదగినంత మంది. పట్నం పిల్లలు పల్లెకు రారు, వచ్చినా నిలవరు. దీనికి దుర్గాబాయి చూపిన పరిష్కారం ఎక్కడో విదేశీ నివేదికలో దొరికినది కాదు, మైలాపూరులో తాను ఇరవై యేండ్ల క్రితం చేసినదే. 1958లో మండలి సంక్షిప్త విద్యా తరగతులను ప్రారంభించింది. చదువు మానిన వయోజన స్త్రీలకు రెండేండ్లలో మెట్రిక్యులేషనుకో మిడిల్ స్కూలు పరీక్షకో సరిపడే చదువు చెప్పి, ఆపైన వృత్తి శిక్షణకు పంపడం ఆ పథకం. ఆ తరగతులను నడిపినవీ స్వచ్ఛంద సంస్థలే. అదే యేడు చిన్న పరిశ్రమల ద్వారా నిరుపేద స్త్రీలకు, వికలాంగులకు పని కల్పించే సాంఘిక ఆర్థిక కార్యక్రమం కూడా మొదలైంది. ఈ విధంగా ఒక స్వచ్ఛంద సంస్థ శిక్షణ ఇస్తే, మరొక సంస్థ ఉద్యోగం ఇచ్చే ఏర్పాటు జరిగింది. 1958-59లో మహిళా విద్యపై నియమితమైన జాతీయ సంఘానికి ఆమె అధ్యక్షత వహించడం ఈ అనుభవానికి సహజమైన కొనసాగింపు.

గొప్పతనాన్ని చెప్పినట్లే లోపాలనూ చెప్పాలి. పథకాల స్థానిక సంఘాలలో చేరినవారు చాలా చోట్ల స్థితిమంతుల ఇండ్ల స్త్రీలు. వారికి సేవ గౌరవం, గ్రామసేవికకు అది బ్రతుకుతెరువు. ఈ ఇరువురి మధ్య దూరం ఏ సమావేశపు మినిట్సులోనూ నమోదు కాదు. కొన్నేండ్ల తరువాత స్థానిక ప్రజలే చందాలతో కేంద్రాలను నడుపుకోగలరన్న ఆశ ఫలించలేదు. 1961 నుండి పాత పథకాలను మహిళా మండలులకు అప్పగించారు గాని, గ్రాంటు లేనిదే అవి నిలువలేకపోయాయి. స్వచ్ఛంద సంస్థ ప్రభుత్వ ధనానికి అలవాటుపడితే దాని స్వేచ్ఛ ఏమవుతుందన్న ప్రశ్నకు మండలి వద్ద జవాబు లేకపోయింది. ప్రజాధనాన్ని పంచే మండలికి చట్టబద్ధమైన ప్రతిపత్తి లేదన్న ఆక్షేపణ పార్లమెంటు కమిటీల దాకా వెళ్లి, చివరకు 1969లో దానిని కంపెనీల చట్టం కింద ధర్మసంస్థగా నమోదు చేయవలసి వచ్చింది. అప్పటికి దుర్గాబాయి మండలిలో లేరు. తరువాతి కాలంలో రాష్ట్ర మండళ్ల పదవులు పలుచోట్ల అధికార పక్షం వారి పునరావాసానికి పనికివచ్చాయన్నది ఈ రాజధానిలో ఎవరూ కాదనని సత్యం.

మండలి నుండి వైదొలగిన తరువాత ఆమె ఊరకుండలేదు. సాంఘికాభివృద్ధి పరిశోధనకు ఢిల్లీలో ఒక సంస్థ ఉండాలని 1962లో సోషల్ డెవలప్‌మెంట్ కౌన్సిలుకు నాంది పలికారు. లోదీ ఎస్టేటులో ఆ సంస్థ నేటికీ ఉన్నది. 1953 చైనా పర్యటనలో చూసిన కుటుంబ న్యాయస్థానాల వంటివి మనకూ కావాలని నెహ్రూతోను, న్యాయమూర్తులతోను చర్చించారు. ఆ చట్టం వచ్చినది 1984లో. తరువాత దంపతులిరువురు హైదరాబాదు చేరారు. ఆంధ్ర మహిళా సభ పనిలో, వయోజన విద్యా ప్రచారంలో ఆమె శేషజీవితం గడిచింది. 1975లో పద్మవిభూషణ్ లభించింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. మరుసటి యేడు అక్టోబరులో దేశ్‌ముఖ్ కూడా వెళ్లిపోయారు.

ఆమె నాటిన వృత్తి మాత్రం మరొక రూపంలో బ్రతికి ఉన్నది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం ప్రారంభమైనప్పుడు, బాలవాడి స్థానంలో అంగన్‌వాడీ వచ్చింది. గ్రామసేవిక చేసిన పనులలో అనేకం అంగన్‌వాడీ కార్యకర్త తలకెత్తుకున్నది. కాని ఆమెకు దక్కేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆమె ఉద్యోగిని కాదు, గౌరవ కార్యకర్త. ఇది కేవలం పేరులోని తేడా కాదు. పింఛను, సెలవు, గ్రాట్యుయిటీ అన్నీ ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉన్నాయి. గ్రాట్యుయిటీకి వారు అర్హులేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అంటే, పథకం మొదలై నలభై ఆరేండ్లు గడచిన పిమ్మట, ఆ పని పనియేనని న్యాయస్థానం చెప్పవలసి వచ్చిందన్నమాట.

స్వచ్ఛంద సంస్థలలో పరిస్థితి ఇంకా పెళుసు. ఒక ప్రాజెక్టు మంజూరైతే నలుగురికి పని, అది ముగిస్తే నలుగురూ ఇంటికి. విరాళాలు, విదేశీ నిధుల నియమాలు, కంపెనీల సామాజిక బాధ్యతా నిధులు అని ఆదాయ మార్గాల పేర్లు మారాయి. ప్రణాళికా సంఘం స్థానంలో 2015లో నీతి ఆయోగ్ వచ్చింది. సాంఘిక శాస్త్రాలు చదివిన యువతీయువకులు ఈ సంస్థలలో కొలువులు వెతుక్కుంటున్నారు. కాని గ్రామంలో పిల్లవాని చేయి పట్టుకొని నడిపించే స్త్రీకి నిలకడైన కొలువు ఎవరు ఇస్తారన్నది తేలలేదు. సేవాభావం ఉన్నది గనుక జీతం తక్కువైనా చాలునన్న వాదన ఇప్పటికీ వినవస్తున్నది. ఆ వాదనను ఐఎఎస్ అధికారికో పార్లమెంటు సభ్యునికో ఎవరూ వినిపించరు.

దుర్గాబాయి స్వయంగా త్యాగజీవి. కాని తన త్యాగాన్ని కొలబద్దగా పెట్టి నిరుపేద స్త్రీని ఉచితంగా పనిచేయమని అడగలేదు. మొదట చదువు, తరువాత శిక్షణ, ఆపైన జీతం, అటుపిమ్మట సేవ. ఆమె పాటించిన వరుస ఇది. మండలిని మూసివేయడం ప్రభుత్వానికున్న అధికారం. ఒక సంస్థకు కాలం చెల్లినప్పుడు దానిని బ్రతికించి తీరాలనడం సబబు కాకపోవచ్చు. కాని మండలి ఏ ప్రశ్నకు జవాబుగా పుట్టిందో ఆ ప్రశ్నకు కాలం చెల్లలేదు. దానికి కొత్త జవాబు చెప్పవలసినవారు సంసద్ మార్గంలో ఉన్నారు. వారు జవాబు చెప్పేవరకు, ధౌలా కువా పక్కన స్టేషనుకు ఆమె పేరు పెట్టినంత మాత్రాన ఆమె ఋణం తీరదు.